సంక్రాంతి ముందు పేటకు పోవడం

మా అవ్వ రాసిన సామాన్ల చీటీ ఒకటి నా దగ్గర ఉంది. పాత పంచాంగం మధ్యలో దొరికింది. తేదీ లేదు. పైన ‘సంక్రాంతికి’ అని, కింద పదకొండు సామాన్లు. తెల్ల నువ్వులు, అచ్చు బెల్లం, ఎండు కొబ్బరి, చెనక్కాయ విత్తనాలు, పుట్నాలు, చక్కెర అచ్చులు, చెరకు, గెనుసుగడ్డలు, అనపకాయలు, రేగుపండ్లు, పసుపు కొమ్మ. మాటలన్నీ తెలుగే, లిపి మాత్రం కన్నడం. అవ్వ బెంగళూరులోనే పుట్టి కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. నాదీ కన్నడ మీడియమే కాబట్టి తడుముకోకుండా చదివేసినాను. అదే తెలుగు లిపిలో ఉండుంటే, పదేండ్ల కింద నాకు ఒక్క అక్షరం కూడా తెలిసేది కాదు.

ఈ చీటీ గురించి రాయాలని అనిపించడానికి కారణం మా చిన్న పాప. పోయిన సంక్రాంతికి గుంటూరు వైపు బంధువులు మా ఇంటికి వచ్చినారు. సాయంత్రం పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టి రేగుపండ్లు పోస్తుంటే, వాళ్ళలో ఒక అత్త, “భోగిపండ్లు భోగి రోజు కదా పోస్తారు, మీరేంటి ఈ రోజు పోస్తున్నారు?” అనింది. మంచి మనసుతోనే అడిగింది. కానీ ఆ రాత్రి పాప నన్ను అడిగింది, “అప్పా, మనం తప్పు చేసినామా?” అప్పుడు నాకు సరైన జవాబు దొరకలేదు. తర్వాత ఆలోచిస్తే, జవాబు మా ఇంటి పండగ సామాన్ల కథలోనే ఉందని అనిపించింది.

పేటలోనే ఇల్లు

1537లో కెంపేగౌడ బెంగళూరు పేట కట్టించినప్పుడు దొడ్డపేట, చిక్కపేట అనే రెండు పెద్ద వీధులు నడిమధ్యలో కలిసేటట్టు పెట్టినాడు. చుట్టూ ఒక్కో సరుకుకు, ఒక్కో పనికి ఒక్కో పేట వెలిసింది. అక్కిపేటలో బియ్యం, రాగిపేటలో రాగులు, తరగుపేటలో ధాన్యం, బళెపేటలో గాజులు, అరళెపేటలో పత్తి, గాణిగరపేటలో గానుగ నూనె, కుంబారపేటలో కుండలు. ఈ పేర్లు ఈరోజుకీ బోర్డుల మీద ఉన్నాయి. ఆ పేటల్లో కన్నడం ఎట్ల వినబడేదో తెలుగూ అట్లనే వినబడేది. కెంపేగౌడ పేరు మీదనే ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం ఉంది. కాబట్టి మనం ఈ ఊరికి నిన్న మొన్న వచ్చినవాళ్ళం కాదు.

మా ముత్తాత వాళ్ళు హిందూపురం పక్క నుంచి వచ్చి చిక్కపేట వెనక సందులో ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. అప్పుడు ‘పేటకు పోవడం’ అనే మాటే లేదు. ఇల్లు ఉన్నదే పేటలో. నూనె కావాలంటే పిల్లోని చేతికి చెంబు ఇచ్చి పంపేది, నువ్వులు కావాలంటే రెండు సందులు దాటేది, అంతే. పండగ పని ఇంటి పనిలోనే కలిసిపోయి ఉండింది.

ప్లేగు తర్వాత

1898లో బెంగళూరులో ప్లేగు వచ్చింది. ఇరుకు సందుల పేటలో అది ఇల్లిల్లూ పాకింది. ఊరి నిండా కనబడే ప్లేగు మారమ్మ గుళ్ళు ఆ భయానికి గుర్తులు. ఆ కాలంలోనే గాలి, వెలుతురు ఉండేటట్టు బసవనగుడి, మల్లేశ్వరం బడావణెలు వచ్చినాయి. వీలున్నవాళ్ళు మెల్లమెల్లగా పేట వదిలి అక్కడికి చేరినారు. మావాళ్ళు కూడా కొన్నేండ్లకు బసవనగుడి చేరినారు.

దూరం మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ, అంతే. కానీ మా ఇంటి పండగలో అదే పెద్ద మార్పు తెచ్చింది. వాకిట్లో దొరికే సరుకు కోసం ఇప్పుడు తలుపు తాళం వేసి, పిల్లల్ని చేయి పట్టుకుని బయలుదేరాలి. ‘పేటకు పోవడం’ అనేది అప్పుడు పుట్టింది. పిల్లలకు అదొక ఊరేగింపు. 1905లో శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటుతో మార్కెట్ దగ్గర మొదటి దీపాలు వెలిగినాయి. 1928 నాటికి కృష్ణరాజేంద్ర మార్కెట్ వచ్చింది. సామాన్లు కొనడం ఒకటైతే, చూడడానికి పోవడం ఇంకొకటి.

రెండు సార్లు పోవాలి

అవ్వ కాలంలో ఈ పనికి ఒక లెక్క ఉండేది. ఒక్కసారి పోతే చాలదు, రెండు సార్లు పోవాలి.

మొదటిది ఎండు సామాన్లకు. పండగకు వారం, పది రోజుల ముందే పోవాలి, ఎందుకంటే తెచ్చినాక పని చానా ఉంది. ఎండు కొబ్బరి సన్నగా తరగాలి, అచ్చు బెల్లం అడకత్తెరతో చిన్న చిన్న ముక్కలు కొట్టాలి, రెండూ మిద్దె మీద ఎండబెట్టాలి. ఎండకపోతే ఎళ్ళు బెల్లం మెత్తబడి ముద్దయిపోతుంది. చెనక్కాయ విత్తనాలు వేయించి పొట్టు ఊదాలి. మిద్దె మీద కాకులకు కాపలా పిల్లలే. ఆ కాపలాదారులే సగం కొబ్బరి తినేసేవాళ్ళని మా అత్త ఇప్పటికీ నవ్వుతుంది. చక్కెర అచ్చులు కూడా మొదట్లో ఇంట్లోనే పోసేవాళ్ళు. చక్కెర పాకంలో కొంచెం పాలు పోసి మురికి తీసి, చెక్క అచ్చుల్లో పోస్తే చిలక, ఏనుగు, తులసి కోట వచ్చేవి. చిలక ముక్కు విరక్కుండా తీయడం పెద్దవాళ్ళకే కష్టం. తర్వాత తర్వాత కొనడమే అలవాటయింది.

రెండోది పచ్చి సామాన్లకు. పండగ ముందు రోజే పోవాలి, లేకపోతే వాడిపోతాయి. చెరకు, రేగుపండ్లు, పసుపు కొమ్మ, గెనుసుగడ్డలు, అనపకాయలు. అనపకాయల్ని ఇక్కడివాళ్ళు అవరెకాయి అంటారు. చలికాలం మంచు పడితేనే కాయకు ఆ వాసన పడుతుంది, దాన్ని సొగడు అంటారు. అవ్వ కాయను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వేలికి ఆ జిడ్డు వాసన అంటితేనే కొనేది. రాత్రి గింజలు నానబెట్టి, అందరం చుట్టూ కూర్చుని పితికేవాళ్ళం. రెండు వేళ్ళతో నొక్కితే పప్పు టప్పున ఎగిరి ఎదుటివాళ్ళ ముఖానికి తగిలేది. పితికిపప్పు చారు రుచి కన్నా ఆ ఆటే నాకు ఎక్కువ గుర్తు.

మా అప్ప చిన్నప్పుడు ఈ రాకపోకలు బస్సులోనే. 1956లో ప్రభుత్వం సిటీ బస్సుల్ని తీసుకున్నాక అవి బీటీఎస్ అయినాయి. ముగ్గురు పిల్లలు, రెండు సంచులు, దానికి తోడు మనిషి కన్నా పొడుగు చెరకు. కండక్టర్ ఎక్కనిచ్చేవాడు కాదు. అందుకే చెరకు మాత్రం గాంధీ బజార్‌లో కొనడం మా ఇంటి ఆచారమయింది. అక్కడే 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్‌లో పిల్లలకు దోశ. అల్లరి చేసినోళ్ళకు దోశ లేదని బస్సెక్కినప్పటి నుంచీ బెదిరింపు, చివరికి అందరికీ దోశ. పేట గుంపులో చేయి వదిలి తప్పిపోయిన మా చిన్నాయన్ను బళెపేటలో గాజుల అంగడాయన కూర్చోబెట్టుకుని ఉండినాడంట. ఏ ఇల్లు అని అడిగితే “సంక్రాంతి ఇల్లు” అన్నాడంట.

తప్పా, మార్పా

ఇప్పుడు పాప ప్రశ్నకు వస్తాను. ఆంధ్రలో సంక్రాంతి బడి సెలవులు వారానికి పైగా ఉంటాయి. కర్ణాటకలో మాకు ఒక్క రోజే. భోగి రోజు పిల్లలకు బడి, పెద్దలకు పని. ఇంకో పక్క, మా చుట్టుపక్కల కన్నడ ఇండ్లలో కూడా చిన్న పిల్లల మీద ఎలచి పండ్లు, చెరకు ముక్కలు, చిల్లర డబ్బులు కలిపి పోస్తారు. ‘కరి ఎరెయోదు’ అంటారు. ఎలచి అంటే మన రేగే. వాళ్ళు పోసేది సంక్రాంతి సాయంత్రం. అవ్వ తన పిల్లల్ని తీసుకుపోయి పక్కింటి పిల్లలతో ఒకే చోట కూర్చోబెట్టి పోయించింది. అక్కడి నుంచి అదే నిలిచిపోయింది.

ఇట్లా చూస్తే ఆ చీటీలో సగం ఇరుగుపొరుగు నుంచి వచ్చిందే. ఎళ్ళు బెల్లం, చక్కెర అచ్చులు కన్నడ ఇండ్ల నుంచి. పసుపు కొమ్మ తమిళ పక్కింటామె చూపించిందని అవ్వే చెప్పేది. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళ ఇండ్లలోకి తిళ్‌గూళ్ కూడా ఇట్లనే వచ్చి ఉంటుంది. పోయినవీ ఉన్నాయి. భోగి మంట మా ఇంట్లో లేదు. సంక్రాంతి బొమ్మల కొలువు దసరాకు జరిగిపోయింది, మైసూరు వైపు అలవాటు అదే కదా. ఇవి పోయినందుకు నాకు బాధ లేదని చెప్పను.

కానీ పండగ తేదీ కూడా నిలబడి లేదు. వివేకానందుడు పుట్టింది 1863 జనవరి 12న, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు అదే పండగ 14న, లేదా 15న వస్తోంది. మన పంచాంగం లెక్కకూ ఇంగ్లిష్ క్యాలెండర్ లెక్కకూ ఉన్న తేడా వల్ల సుమారు డెబ్బై ఏండ్లకు ఒక రోజు జరుగుతుంది. సూర్యుడి పండగే జరిగినప్పుడు, మా ఇంటి రేగుపండ్లు ఒక్క సాయంత్రం జరగడం తప్పెట్ల అవుతుంది?

2017 నుంచి చిక్కపేటకు మెట్రో ఉంది. తయారైన ఎళ్ళు బెల్లం పొట్లాలు ఫోన్‌లో అడిగితే పది నిమిషాల్లో ఇంటికే వస్తాయి. అయినా ఈసారి పిల్లలిద్దర్నీ తీసుకుని రెండు సార్లూ పేటకు పోయినాను. మెట్రోలో చెరకు ఎందుకని, అదిప్పటికీ గాంధీ బజార్‌లోనే. చీటీ కొత్తగా రాసినాం. ఒక పక్క పెద్ద పాప కన్నడంలో, ఇంకో పక్క నేను తెలుగులో. నా ‘ఱ’ చూసి ఇద్దరూ నవ్వినారు. చిన్న పాపకు మాత్రం చెప్పినాను, “తప్పు కాదమ్మా, మన ఇంట్లో ఇట్ల.”

మీ ఇండ్లలో పాత చీటీలు, ఏ లిపిలో ఉన్నవైనా సరే, పారేయకండి. మనం ఏ పేట నుంచి ఏ పేటకు వచ్చినామో అందులో ఉంటుంది.