బధిరుల విద్య: పెదవుల నుంచి చేతుల దాకా

వినికిడి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పడం మన దేశంలో ఒక వృత్తిగా ఎలా రూపుదిద్దుకున్నదో ఈ భాగంలో తెలుసుకుందాం. తేదీలను వల్లె వేయనక్కరలేదు. తరగతిలో చేతులు కదలాలా, వద్దా అన్న ఒక్క తగాదాను పట్టుకుని వెళ్తే ఈ చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యావేత్తల అంతర్జాతీయ మహాసభ, సంజ్ఞలను పక్కనపెట్టి మాట ద్వారానే బోధించాలని తీర్మానించింది. ఓటు వేసినవారిలో దాదాపు అందరూ చెవులు వినబడేవారే! మన దేశంలో తొలి బధిర పాఠశాలలు ఆ తీర్మానం నీడలోనే పుట్టాయి: బొంబాయిలో 1885లో, కలకత్తాలో 1893లో. మద్రాసు ప్రెసిడెన్సీలో, పాలయంకోటలో ఫ్లారెన్స్ స్వైన్‌సన్ అనే మిషనరీ ఆ శతాబ్దం చివరి సంవత్సరాల్లోనే బడి మొదలుపెట్టారు. అప్పట్లో తెనాలి, బాపట్ల, రేపల్లె కూడా ఆ ప్రెసిడెన్సీలోనివే. అయినా తమిళదేశం కొసన ఉన్న బడికి కృష్ణా డెల్టా రైతు తన బిడ్డను పంపడం ఊహకందని సంగతి.

మాట పద్ధతిలో చిక్కు ఎక్కడుందో మీరే పరీక్షించుకోండి. అద్దం ముందు నిలబడి, గొంతు విప్పకుండా పాట, బాట, మాట అని పలకండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. ప, బ, మ అక్షరాలకు పెదవులు ఒకే తీరుగా కలుస్తాయి. తేడా అంతా గొంతులో, ముక్కులో ఉంది. క, గ పుట్టేది నాలుక వెనుక భాగంలో, అది ఎదుటివారి కంటపడదు. ఇక వాక్యానికి అర్థం తెచ్చే కి, లో, తో, ను వంటి విభక్తులు పదం చివర తేలిపోతాయి. ‘నేను బడి వెళ్లాను’ అని బధిర విద్యార్థి రాస్తే కారణం ఇదే. దాన్ని తెలివితక్కువతనంగా లెక్కగట్టిన ఉపాధ్యాయులు తక్కువేమీ కాదు. ‘చెవిటి, మూగ’ అనే జంట పదం కూడా ఆ అపోహ నుంచి వచ్చిందే.

1983లో బొంబాయిలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టంతో ఈ పని పూర్తిస్థాయి వృత్తి అయింది. వినికిడి లోపం ప్రత్యేకాంశంగా డిప్లొమా గానీ బి.ఎడ్. గానీ పొంది, మండలి రిజిస్టరులో పేరు నమోదు చేసుకున్నవారే ఇందులో పనిచేయాలి. ఈ నమోదును చాలామంది విద్యార్థులు వాయిదా వేస్తుంటారు. మీరు అలా చేయకండి.

ఇప్పుడు బాపట్ల చూడండి. అక్కడ బధిరులకు ప్రభుత్వ గురుకుల పాఠశాల, జూనియర్ కళాశాల ఉన్నాయి. రేపల్లె పిల్లవాడు రైలులో అక్కడికి చేరాలంటే తెనాలి వచ్చి బండి మారాలి. ఇంటికి దూరం కావడం నిజంగా నష్టమే. కానీ దేశంలో ఎన్నో బధిర వసతి గృహాల్లో పిల్లలకు భాష దొరికింది పగటి పాఠంలో కాదు, రాత్రిళ్లు పెద్ద పిల్లల చేతుల్లో. అందుచేత గురుకులాలను పాతకాలపు ఏర్పాటుగా కొట్టిపారేయడం తొందరపాటని నా అభిప్రాయం.

మరోవైపు 1974లో సమీకృత విద్యా పథకం మొదలైంది, 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఇవి ఊరి బడిలోనే చదువుకునే దారి చూపాయి. మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడి ఉపాధ్యాయుల్లో ఎక్కువమందిది ఒప్పంద ఉద్యోగం. ఒక్కరే వినికిడి, చూపు, బుద్ధిమాంద్యం అన్నీ చూసుకోవలసి వస్తుంది. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపైన 15 మందికి ఒకరు ఉండాలన్న నిష్పత్తిని కేంద్రం 2022లో ప్రకటించింది. శాశ్వత పోస్టుల కోసం పోరాడేవారికి ఇప్పుడు ఇదే ఆధారం.

మిలాన్ తీర్మానాల పట్ల 2010లో వాంకూవర్ మహాసభ విచారం తెలిపింది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది. దాని నిఘంటువులో 2021 నాటికి 10,000 పదాలు చేరాయి. మీరు ఉద్యోగంలో చేరాక ఆ పదాలను ముందుగా ఎవరికి నేర్పుతారో ఆలోచించండి. ఆరేళ్ల పాప భవిత కేంద్రంలో గడిపేది కొద్ది గంటలే. మిగిలిన పొద్దంతా తల్లితోనే ఉంటుంది. ఆ తల్లికి తెలిసిన సంజ్ఞలు మాత్రం అన్నం, నీళ్లు, నిద్ర, ఇంకో రెండు మూడు.