ఉగ్గు (శిశు ఆహారం)

ఉగ్గు అనగా ఆరు నెలలు నిండిన శిశువుకు తల్లిపాలతో పాటు తినిపించడానికి ఇంట్లో తయారుచేసే మెత్తని ఆహారం. బియ్యం, పప్పులు దోరగా వేయించి, రవ్వగా విసిరి నిల్వ చేసుకొని, కావలసినప్పుడు కొద్ది కొద్దిగా ఉడికిస్తారు. మిరప, ప్రత్తి పండే గుంటూరు, ప్రకాశం మైదాన ప్రాంతంలో, నల్లపాడు వంటి ఊళ్ళలో, పొలం పనికి వెళ్ళే తల్లులకు ఈ నిల్వ పొడి ఎంతో ఆదరువు. తల్లి చేనిలో ఉన్న వేళ అమ్మమ్మో నాయనమ్మో పది నిమిషాలలో ఉడికించి బిడ్డకు పెట్టగలుగుతారు.

పేరు, వాడుక

పూర్వం ఉగ్గు అంటే అన్నం కాదు. చనుబాలలో కొద్దిగా ఆముదం రంగరించి చంటిబిడ్డకు పోసే మందును ఉగ్గు అనేవారు. "ఉగ్గుపాలతో పెట్టిన విద్య" అనే నానుడి అందులోనుండి వచ్చినదే. పసిపిల్లలకు ఆముదం పోయడం వలన విరేచనాలు కావచ్చు, పొరబోతే నూనె ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమూ ఉంది. కనుక వైద్యులు దీనిని వద్దంటారు. ఆ అలవాటు పోయి, పేరు మాత్రం పోషకాహారానికి మిగలడం మంచిదే అయింది.

ఉగ్గు పోసే గిన్నెను ఉగ్గుగిన్నె అంటారు. వెండితోనో ఇత్తడితోనో చేసిన ఈ చిన్న గిన్నెకు ఒక ప్రక్క ముక్కు ఉంటుంది. తమిళనాట ఇటువంటిదే పాలాడై. లోపలి భాగమంతా చేతికి అందుతుంది కనుక దీనిని శుభ్రంగా తోమవచ్చు. పాలసీసాకు ఆ సౌలభ్యం లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆడపిల్లకు ఐదు నెలల ఐదు రోజులకు, మగపిల్లవానికి ఆరు నెలల ఆరు రోజులకు అన్నప్రాశన చేయడం ఆంధ్రదేశంలో చాలా కుటుంబాల ఆచారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఆడ, మగ తేడా లేకుండా ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ, నీరు కూడా, అవసరం లేదంటుంది. ఆడపిల్ల విషయంలో వేడుకనాడు పాయసం నాలుకకు తాకించి, అసలు తిండిని మిగిలిన రోజులు ఆపితే ఆచారానికీ లోటు రాదు. ఆరు నెలల తరువాత ఆలస్యం చేయడమూ తగదు. పుట్టుకతో శరీరంలో ఉన్న ఇనుము నిల్వలు ఆ వయసుకు తరిగిపోతాయి, తల్లిపాలలో లభించే ఇనుము చాలా స్వల్పం. తల్లిపాలను రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించాలి.

తయారీ

నాలుగు పాళ్ళు బియ్యానికి ఒక పాలు పప్పు (పెసర లేక కంది) సరిపోతుంది. రెంటినీ కడిగి, శుభ్రమైన గుడ్డపై ఆరబెట్టి, విడివిడిగా దోరగా వేయించాలి. కొందరు చిటికెడు జీలకర్ర, వాము చేరుస్తారు. చల్లారిన పిదప తిరగలిలో గాని మిక్సీలో గాని సన్నని రవ్వగా ఆడించి, తడి తగలని డబ్బాలో పోయాలి. ఉడికించేటప్పుడు పొడిని ముందుగా చన్నీళ్ళలో ఉండకట్టకుండా కలుపుకోవాలి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే ఆమ్లం పప్పులో పుష్కలం. పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. పప్పన్నం తినే మన అలవాటులోని మేలు కూడా ఇదే.

పలుచనా, చిక్కనా?

ఉగ్గు విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. సులభంగా మింగుతాడని గంజివలె పలుచగా చేస్తారు. గిన్నె ఖాళీ అవుతుంది, బిడ్డ కడుపు నిండుతుంది, కాని అందులో అధికభాగం నీరే. ఎనిమిది నెలల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. ఆ వయసులో తల్లిపాలు కాక పై ఆహారం ద్వారా రోజుకు సుమారు 200 కాలరీలు, తొమ్మిదవ నెల నుండి 300, ఏడాది దాటాక 550 అందాలి. పలుచని జావతో ఇది సాధ్యం కాదు. బిడ్డ బరువు పెరగకపోవడానికి "తినడం లేదు" అనుకుంటారు. నిజానికి తింటూనే ఉంటాడు. చెంచా వంచితే వెంటనే జారిపోకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలి. దింపాక చెంచాడు నెయ్యి గాని నూనె గాని కలిపితే 45 కాలరీలు చేరతాయి.

చిక్కగా ఉంటే మింగలేడనే భయానికి మొలకల పిండి మంచి ఉపాయం. రాగులను (తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు) ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, కొద్దిగా వేడిచేసి పిండి పట్టాలి. మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. ఉడికిన ఉగ్గు కొంచెం చల్లారాక ఈ పిండి చెంచాడు వేసి కలిపితే కొద్ది నిమిషాలలో జారుగా మారుతుంది, పోషకాలు తగ్గవు. తరువాత మరొక పొంగు రానివ్వాలి. మాడేలా వేయిస్తే ఎంజైము నశిస్తుంది. 1980లలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్దాస్ బృందం ఈ పద్ధతిపై పరిశోధనలు చేసింది. రాగులకు మరొక విశేషం కూడా ఉంది. 100 గ్రాములలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నం (కాల్షియం) ఉంటుంది, తెల్లబియ్యంలో ఇది 10 మాత్రమే.

హైదరాబాదు మిక్స్, బాలామృతం

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ, బరువు తగ్గిన పిల్లల కోసం రూపొందించిన మిశ్రమానికి హైదరాబాదు మిక్స్ అని పేరు. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ 10, బెల్లం 20 కలిపిన ఈ 86 గ్రాముల పొడిలో 330 కాలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అన్నీ కిరాణా కొట్లో దొరికేవే. అంగన్‌వాడీల ద్వారా పంపిణీ అయ్యే బాలామృతం కూడా గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో చేసిన పొడి. అయితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు రెండేళ్ళవరకు ఇంటి వంటలో తీపి చేర్చనక్కరలేదు. ఏడాదిలోపు తేనె అసలే నాకించరాదు; అందులో ఉండగల బాక్టీరియా వలన బాట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చు.

ఒక్క ఉగ్గుతోనే సరిపెట్టరాదు. బాగా ఉడికిన గుడ్డు, మెత్తగా మెదిపిన ఆకుకూర, గుమ్మడి, అరటి, బొప్పాయి, తినే ఇళ్ళలో ముల్లు తీసిన చేప ఆరు నెలలు దాటినప్పటి నుండే క్రమంగా అలవాటు చేయాలి. వేరుశనగ పొడిగానే ఇవ్వాలి. గింజలు గొంతుకు అడ్డుపడతాయి. బూజు పట్టిన గింజలలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయించినా పోదు.

మిరపకోతల కాలం

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు రెండున్నాయి. కారం పట్టే పిండిమరలో ఉగ్గుపొడి ఆడించరాదు. రాళ్ళ సందులలో మిగిలిన కారం పొడిలో కలుస్తుంది. కాయలు కోసి వచ్చిన చేతికి మంట ఊరికే నీళ్ళతో పోదు, ఎందుకనగా కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. ముందు నూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో రెండుసార్లు కడుక్కొని, చెంచాతోనే తినిపించాలి. ఉదయం వండిన ఉగ్గును తల్లి పొలంనుండి వచ్చేదాకా మూతపెట్టి ఉంచడం కూడా ఈ కాలంలో తరచు జరుగుతుంది. బయట రెండు గంటలకు మించి ఉంచినది పారవేసి, పొడి ఉంది కనుక మళ్ళీ వండుకోవాలి.