పళ్లు పుచ్చలేదు కదా అని వదిలేయొద్దు.. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో అసలు ముప్పు చిగుళ్లకే!

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి చొంగ కారుతూనే ఉంటుంది. చూసేవాళ్లు లాలాజలం ఎక్కువగా ఊరుతోందేమో అనుకుంటారు. చాలా అధ్యయనాల్లో తేలింది మాత్రం దీనికి రివర్స్! ఇతర పిల్లలతో పోలిస్తే వీళ్లకు లాలాజలం తక్కువగానే ఊరుతుందట. మరి చొంగ ఎందుకు? నోటి చుట్టూ కండరాల్లో పట్టు తక్కువ. పెదవులు పూర్తిగా మూసుకోవు, నాలుక ముందుకు వస్తుంది. ఊరిన కాస్త ఉమ్మి కూడా సరిగ్గా మింగలేక బయటికి వచ్చేస్తుంది.

ఈ తేడా చిన్నదేం కాదు. ఎందుకంటే నోటికి మొదటి కాపలా లాలాజలమే.

ఉమ్మిలో ఏముంటుంది?

లాలాజలంలో ఐజీఏ అనే యాంటీబాడీ ఉంటుంది. ఇది క్రిములను పట్టేసి, పళ్లకు, బుగ్గల లోపలి పొరకు అంటుకోకుండా ఆపుతుంది. లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ లాంటి ప్రొటీన్లు కూడా తోడుంటాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఈ ఐజీఏ ఎంత ఉంటుందన్న దానిపై పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. కొన్నింటిలో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. కొలిచే పద్ధతి కూడా ఇందుకు ఓ కారణమే. చుక్క ఉమ్మిలో ఎంత ఉందో చూడటం వేరు, నిమిషానికి నోట్లోకి ఎంత చేరుతోందో చూడటం వేరు. ట్యాంకులో క్లోరిన్ సరిపడా కలిపినా, కుళాయి సన్నగా వస్తే బిందెలోకి చేరేది తక్కువే కదా!

దీని మూలం జన్యువుల్లో ఉంది. 1866లో బ్రిటన్ డాక్టర్ జాన్ లాంగ్డన్ డౌన్ ఈ స్థితిని వివరించారు. 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటమే కారణమని 1959లో ఫ్రాన్స్ పరిశోధకులు బయటపెట్టారు. ఆ అదనపు కాపీ ప్రభావం గుండె, థైరాయిడ్‌తో పాటు రోగనిరోధక శక్తి మీద కూడా పడుతుంది.

పుచ్చు తక్కువ.. కానీ!

ఇక్కడే చాలామంది అమ్మానాన్నలు పొరబడతారు. ఈ పిల్లల్లో పుచ్చు పళ్లు తక్కువగా ఉంటాయని ఎన్నో అధ్యయనాలు చెబుతున్నాయి. పళ్లు ఆలస్యంగా వస్తాయి, చిన్నగా ఉంటాయి, మధ్యలో సందులు ఉంటాయి, కొన్ని అసలు రావు. దాంతో ఆహారం ఇరుక్కోవడం తగ్గుతుంది. పళ్లు కొరికే అలవాటు వల్ల దవడ పళ్ల మీది గాడులు కూడా అరిగిపోతాయి. నొప్పి లేదు, నల్లమచ్చ లేదు. ఇక డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలని ఎవరికి అనిపిస్తుంది?

కానీ చిగుళ్ల కథ వేరు. క్రిములున్న చోటికి పరిగెత్తాల్సిన తెల్ల రక్తకణాలు వీళ్లలో కాస్త మందకొడిగా కదులుతాయి. అందుకే పాచి కొంచెమే ఉన్నా చిగుళ్లు బాగా వాచిపోతాయి. నోటితో గాలి పీల్చడం వల్ల నోరు ఎండిపోయి సమస్య ఇంకా పెరుగుతుంది. పట్టించుకోకపోతే వ్యాధి లోపలి ఎముక దాకా వెళ్తుంది. పెద్దవాళ్లలో కనిపించాల్సిన ఈ జబ్బు వీళ్లకు చిన్న వయసులోనే మొదలవుతుంది. ముఖ్యంగా కింది ముందు పళ్లు కదిలి ఊడిపోతుంటాయి. పుచ్చు ఒక్కటీ లేని పన్ను ఊడిపోవడం అంటే ఇదే!

ఇంట్లో ఏం చేయాలి?

మొదటి పన్ను రాగానే బ్రషింగ్ మొదలుపెట్టాలి. పన్ను రాకపోయినా ఏడాది నిండేలోపు ఒకసారి పిల్లల డెంటిస్ట్‌కు చూపించాలి. మూడేళ్ల లోపు బియ్యం గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్ట్ చాలు. బ్రష్ చిగురు అంచు మీదుగా వెళ్లాలి, అసలు పని అక్కడే. రక్తం వస్తోందని చాలామంది ఆపేస్తారు. నిజానికి అది వాపుకు గుర్తు, డాక్టర్‌కు చూపించాల్సిన సమయం. పిల్లాడు తనే బ్రష్ చేసుకుంటున్నా, చివర్లో పెద్దవాళ్లు ఒక రౌండ్ వేయాల్సిందే.

డెంటిస్ట్‌కు ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి గుండె. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరే క్రిములు గుండెకు ఇన్ఫెక్షన్ తెచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, కొందరికి పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి రావచ్చు. రెండోది మెడ. వీళ్లలో కొందరికి మెడ పైఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. కుర్చీలో తలను బాగా వెనక్కి వంచకూడదు.

ఖర్చుకు వెనకాడేవాళ్లకు ఒక దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ జాబితాలో డౌన్ సిండ్రోమ్, పంటి సమస్యలు రెండూ ఉన్నాయి. అంగన్‌వాడీకి లేదా స్కూల్‌కు వచ్చే వైద్య బృందాన్ని అడిగితే, అవసరాన్ని బట్టి జిల్లా కేంద్రానికి రాసిస్తారు.