కిచెనర్‌లో ఆర్గానిక్ ఎప్పుడు కొనాలి?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న కిచెనర్ పేరు 1916 దాకా బెర్లిన్. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులు 1800 తర్వాత ఇక్కడ అడవి నరికి పొలాలు చేసుకున్నారు. 1869 నుంచి ఊళ్లో సంత నడుస్తోంది. చుట్టుపక్కల ఇప్పటికీ గుర్రపు బగ్గీల మీద తిరిగే మెన్నొనైట్ కుటుంబాలను చూస్తే, ఇక్కడి కూరగాయలు ఏనాడూ పురుగుమందు ఎరగవనిపిస్తుంది. చరిత్ర అలా లేదు. 1870ల నాటికే కొలరాడో పురుగు ఒంటారియోలో దిగింది. పసుపు రెక్కల మీద పది నల్ల చారలుండే ఈ పెంకు పురుగు బంగాళదుంప ఆకుల్ని ఈనెలు మిగిల్చి తినేస్తుంది. దాని మీద రైతులు చల్లింది ప్యారిస్ గ్రీన్ అనే ఆకుపచ్చ పొడి, అంటే రాగి, ఆర్సెనిక్ కలిసిన విషం. కాబట్టి పాతకాలపు వేషాన్ని చూసి నమ్మి కొనడం సరికాదు.

ఒంటికి మంచిదని కొంటే సరిపోదా అంటారు. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, ఆర్గానిక్‌లో మందుల అవశేషాలు తక్కువేగాని పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. నా దృష్టిలో అసలు కారణం కంచంలో లేదు, నేలలో, నీళ్లలో ఉంది. కిచెనర్‌కు ఉత్తరాన ఉన్న ఎల్మైరాలో, 1960ల్లో యూనిరాయల్ కర్మాగారం వియత్నాం యుద్ధానికి ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందు తయారుచేసింది. 1989లో ఆ ఊరి భూగర్భ జలాల్లో ఎన్‌డీఎంఏ అనే రసాయనం బయటపడితే బావులు మూసి, వాటర్లూ నుంచి గొట్టం వేసి నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ పాపాన్ని సేద్యం నెత్తిన రుద్దడమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఎన్‌డీఎంఏ పొలం మందు కాదు, నిజమే. కానీ ఫ్యాక్టరీ పక్క వాగు మట్టిలో చేరిన డయాక్సిన్, డీడీటీ మాత్రం మందుల తయారీ మిగిల్చినవే. మందు పొలానికి చేరకముందే ఎక్కడో ఒక ఊరు దాని ఖర్చు భరిస్తోంది.

ఇక సరుకు మీద వేసే ఆర్గానిక్ ముద్ర సంగతి. కెనడా ఆర్గానిక్ నిబంధనలు 2009 జూన్ 30న అమల్లోకి వచ్చాయి. ముద్ర వేయాలంటే సరుకులో 95 శాతం ఆర్గానిక్ ఉండాలి, కోతకు ముందు 36 నెలలు పొలంలో నిషిద్ధ మందులు పడకూడదు. అయితే ముద్ర వేయని సరుకు విషయంలో ఈ నిబంధనలు రాష్ట్ర, దేశ సరిహద్దులు దాటేదానికే. ఒంటారియోలో పండి ఒంటారియోలోనే అమ్ముడయ్యేదాన్ని సర్టిఫికెట్ లేకుండానే ఆర్గానిక్ అనొచ్చు. అందుకే చలికాలంలో కాలిఫోర్నియా పాలకూర కొనేటప్పుడు ముద్ర చూడాలి, వేసవి సంతలో రైతునే అడగాలి. రైతు అబద్ధమాడితే? కొందరు టొరంటో హోల్‌సేల్ మార్కెట్లో కొని తెచ్చి అమ్ముతారు కూడా. అందుకే “ఇది ఆర్గానికేనా?” అని కాక, పొలం ఎక్కడ, పురుగుకేం చేశావు అని అడగాలి. పండించినవాడు తడుముకోడు.

ఖరీదు మాటకొస్తే, అన్నీ ఆర్గానికే కొనక్కర్లేదు. అరుదుగా తెచ్చుకునే బెర్రీల కన్నా ఏడాది పొడవునా ఉడికే మసూర్ పప్పు ముందు. కెనడాలో అది ఎక్కువగా సస్కాచెవాన్ రాష్ట్రంలో పండుతుంది. కోతకు ముందు పైరు ఎండడానికి కలుపుమందు కొట్టడం అక్కడ మామూలే. పైగా అది సరిహద్దు దాటి వచ్చే సరుకు, ముద్ర దానికి వర్తిస్తుంది.