పులి కనిపించడం, పులి నిలవడం: ఉత్తర తెలంగాణ అడవుల్లో ఒక పునరాగమనం

ధర్మపురి దగ్గర గోదావరికి ఈ ఒడ్డు జగిత్యాల జిల్లా, ఆ ఒడ్డు మంచిర్యాల జిల్లా. రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట, దండేపల్లి మీదుగా వెళ్తే జన్నారం వస్తుంది. అక్కడ కవ్వాల్ టైగర్ రిజర్వ్ మొదలవుతుంది. నరసింహస్వామి క్షేత్రానికీ పులుల కోసం కేటాయించిన అడవికీ నడుమ ఉన్నవి ఒక నది, కొన్ని మండలాల వరి పొలాలు, పత్తి చేన్లు. అయినా ఈ ఒడ్డు వాళ్లకు పెద్దపులి చాలాకాలం తాతల నాటి ముచ్చటగానే ఉండిపోయింది. గత పదేళ్లుగా ప్రతి చలికాలం ఆ ముచ్చట జిల్లా పేజీల్లో వార్త అవుతోంది. ఒక ఊరి శివారులో పాదముద్రలు, ఇంకో ఊరి గుట్ట కింద సగం తిన్న ఆవు, రోడ్డు దాటుతున్న పులిని ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో. వీటన్నిటినీ కలిపి చూసి పులి తిరిగొచ్చిందని చెప్పవచ్చునా అన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. ఆడపులి ఎక్కడ పిల్లల్ని పెంచగలిగిందో అక్కడికే పులి తిరిగొచ్చినట్టు లెక్క అని నా వాదన. అలా లెక్కిస్తే ఉత్తర తెలంగాణలో పులి తిరిగొచ్చింది రిజర్వు సరిహద్దుకు బయట, జనం పశువుల్ని మేపుకునే అడవిలోకి.

పోయిన తీరు

నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవులు దేశంలో పేరున్న వేట నేలలు. హైదరాబాద్ కంటింజెంట్‌లో పనిచేసిన ఆర్.జి. బర్టన్ దక్కన్ వేట గురించి 1928లో ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించాడు. అయితే వేట ఒక్కటే పులిని తుడిచిపెట్టిందనడం సగం మాటే అవుతుంది. వేటగాడు పులిని చంపితే మరో పులి వచ్చి ఆ చోటు ఆక్రమించుకుంటుంది, అడవి, దుప్పి, కణితి మిగిలి ఉన్నంతవరకు. అవి తరిగిపోవడం మొదలైనప్పటి నుంచే అసలు నష్టం. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు వెలిసింది, వెదురు బండ్ల మీద, రైలు మీద తరలిపోయింది. బెల్లంపల్లి, మందమర్రి వైపు బొగ్గు గనులు విస్తరించాయి. కడెం, శ్రీరాంసాగర్ ప్రాజెక్టులు వచ్చాయి. వాటి వెంట కాలువలు, కొత్త ఊళ్లు, రోడ్లు వచ్చాయి.

ఇదే అడవిలో మనుషుల కథ కూడా ఉంది. అడవికి హద్దులు గీసి గోండులను, కోలాములను పోడు భూముల నుంచి వెళ్లగొట్టిన కాలంలోనే 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం కోరిక మీద వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని నమోదు చేశాడు. పులుల గురించిన వ్యాసంలో ఈ చరిత్ర ఎందుకని అనిపించవచ్చు. హద్దురాయి ఎక్కడ పాతినా ఇక్కడి ఊళ్లు ఎందుకు ఉలిక్కిపడతాయో ఇది తెలియకుండా అర్థం కాదు. ఆ ఉలికిపాటును పట్టించుకోని పులుల సంరక్షణ ఈ నేల మీద నిలవదు.

కవ్వాల్ 1965 నుంచి అభయారణ్యం. 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ ప్రాంతం సుమారు 893 చదరపు కిలోమీటర్లు, బఫర్ సుమారు 1,123 చదరపు కిలోమీటర్లు. టేకు అడవికి కొదవ లేదు, కడెం వాగు ఉంది, గడ్డి మైదానాలు పెంచారు. లోటల్లా అందులో కాపురం ఉండే పులిదే.

ఏది ఆధారం?

ఊరి మనిషి చూసింది అబద్ధమని నేను అనను. కాని సంధ్యవేళ ఒక్క క్షణం కనిపించిన జంతువు ఏదన్నది వేరే ప్రశ్న. జగిత్యాల, సిరిసిల్ల గుట్టల్లో చిరుతలు తిరుగుతాయి. దూరం నుంచి, భయంలో, చిరుత పెద్దపులి అయిపోవడం కష్టమేమీ కాదు. తడి మట్టిలో పడిన చిరుత అడుగు ఎండేకొద్దీ అంచులు విరిగి పెద్దదిగా కనిపిస్తుంది. మన దేశంలో 1960ల నుంచి నాలుగు దశాబ్దాల పాటు పాదముద్రలతోనే పులుల్ని లెక్కించారు. 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని బయటపడ్డాక ఆ లెక్కల మీద నమ్మకం పోయింది. ఇప్పుడు ప్రమాణం కెమెరా. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, చెట్టుకు కట్టిన కెమెరా ముందు నుంచి నడిచిపోయిన ప్రతి పులికీ ఒక గుర్తింపు దొరుకుతుంది. దానికి తోడు మలంలోని డీఎన్ఏ, చంపిన జంతువు మెడ మీది పంటి గాట్లు.

ఆధారం ఎంత పక్కాగా ఉన్నా అది చెప్పేది ఒక్క జంతువు గురించే. ఈ సంగతి అమెరికాలో కూగర్ కథ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. కూగర్ అంటే అక్కడి కొండల్లో బతికే చారలు లేని పెద్ద పిల్లి. తూర్పు రాష్ట్రాల కూగర్ అంతరించిపోయిందని 2011 మార్చిలో అక్కడి వన్యప్రాణి విభాగం ప్రకటించింది. మూడు నెలలకు, అదే జూన్‌లో, కనెక్టికట్‌లోని మిల్‌ఫర్డ్ దగ్గర రోడ్డు మీద ఒక కూగర్ కారు కింద పడి చచ్చిపోయింది. డీఎన్ఏ పరీక్షలో అది దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్‌లో పుట్టిన మగదని తేలింది. మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో జాడలు వదులుతూ 2,400 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చింది. అంత దూరం వచ్చినా దానికి జత దొరకలేదు. కూగర్లలో పుట్టిన చోటు విడిచి దూరాలకు వెళ్లేవి ఎక్కువగా మగవే, ఆడవి తల్లి పక్కనే చోటు చూసుకుంటాయి. అమెరికా దేశపు మధ్య భాగంలో 1990 నుంచి 2008 వరకు ధ్రువపడిన ఆనవాళ్లు 178 ఉన్నట్టు 2012లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. మిషిగన్ ఉత్తర భాగంలో మాత్రం 2025 మార్చిలో రెండు కూగర్ పిల్లలు ఫోటోకు చిక్కాయి. అక్కడ శతాబ్దానికి పైగా అలాంటిది జరగలేదు. నా దృష్టిలో అన్ని దశాబ్దాల మగ కూగర్ల తిరుగుళ్ల కన్నా ఆ రెండు పిల్లల ఫోటోయే గట్టి సాక్ష్యం.

పులులదీ ఇంచుమించు ఇదే నడక. మహారాష్ట్రలోని తిప్పేశ్వర్‌లో కాలర్ వేసిన ఒక యువ మగపులి 2019 జూన్‌లో బయలుదేరి మహారాష్ట్ర, తెలంగాణ జిల్లాలు దాటి ఆ డిసెంబరుకు జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. తిరిగిన దారంతా కలిపితే 3,000 కిలోమీటర్లకు పైనే. తిప్పేశ్వర్ విస్తీర్ణం 150 చదరపు కిలోమీటర్లు కూడా లేదు, ఎదిగిన మగపిల్లకు అక్కడ చోటేది? 2024 అక్టోబరు, నవంబరుల్లో ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో జతను వెతుక్కుంటూ తిరిగిన 'జానీ' కూడా అటునుంచి వచ్చిందే. ఇవి బాటసారులు. వీటి అడుగులు కనిపించిన ప్రతి ఊరూ పులి నివాసమని గీస్తే పటం నిండుతుంది, అడవి నిండదు.

ఫాల్గుణ

కాగజ్‌నగర్ డివిజన్‌లోని కదంబ అడవికి దశాబ్దం కిందట మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి ఒక ఆడపులి వచ్చింది. అటవీ శాఖ దానికి ఫాల్గుణ అని పేరు పెట్టింది. ఆ పులి అక్కడే ఆగి, 2016 ప్రాంతంలో పిల్లల్ని కన్నది. ఆ తర్వాత మరోసారీ ఈనింది. పిల్లలకు 'కె' అక్షరంతో అంకెలు ఇచ్చారు. అవి పెరిగి పెంచికల్‌పేట, బెజ్జూరు, చెన్నూరు వైపు పాకాయి. ఈ వ్యాసం దృష్టిలో ఉత్తర తెలంగాణకు పులి తిరిగొచ్చిన తేదీ ఏదైనా ఉంటే అది ఆ తొలి కాన్పు.

కదంబ అడవి కవ్వాల్ రిజర్వులో భాగం కాదు. అందుకే లెక్కల్లో ఒక వింత కనిపిస్తుంది. అఖిల భారత అంచనాల్లో తెలంగాణకు 2018లో 26, 2022లో 21 పులులు వచ్చాయి. వాటిలో అత్యధికం నల్లమలలోని అమ్రాబాద్‌వి. 2022 అంచనాలో కవ్వాల్‌లో స్థిరపడిన పులి లేదు. రిజర్వు ఖాళీగా ఉన్న ఆ సంవత్సరాల్లోనే రిజర్వు బయట ఒక వంశం పెరుగుతోంది. కారణం పటంలోనే ఉంది. కాగజ్‌నగర్ అడవులు వార్ధా, ప్రాణహితల మీదుగా చంద్రాపూర్ అడవులకు ఆనుకొని ఉన్నాయి. అక్కడ తడోబాలో పులులు కిక్కిరిసి ఉన్నాయి. కదంబ నుంచి కవ్వాల్ కోర్‌కు రావాలంటే మాత్రం కాజీపేట-బల్హార్షా రైలు మార్గం, మంచిర్యాల-చంద్రాపూర్ జాతీయ రహదారి, ఆ రెంటి వెంట పెరిగిన ఊళ్లూ దాటాలి. పిల్లల్ని వెంటేసుకుని నడిచే తల్లిపులి అంత సాహసం చేయదు.

వంశం పెరిగిందన్నాను, నిలిచిందని అనలేను. ఫాల్గుణ సంతతిలోని ఒక ఆడపులి నడుముకు ఉచ్చు తీగ బిగుసుకుని తిరుగుతుండగా 2019లో కెమెరాకు చిక్కింది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం దగ్గర రెండు పులులు రెండు రోజుల తేడాలో చచ్చి కనిపించాయి, తిన్న ఆవు కళేబరంలో విషం ఉంది. 2025 మేలో పెంచికల్‌పేట అడవుల్లో ఒక ఆడపులి కరెంటు తీగలకు బలైంది. ఆ తీగలు చాలాసార్లు అడవిపంది కోసం పెట్టినవే. పంటను పంది తొక్కిన రైతు బాధ నిజం. కాని పొలం గట్టున రాత్రి వదిలిన కరెంటుకు పంది ఏదో పులి ఏదో తెలియదు, పొద్దున్నే గొడ్లను తోలుకొచ్చే మనిషీ తెలియదు.

నవంబరు

మనుషుల వైపు లెక్క ఇంకా బరువైనది. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ని, అదే నెలాఖరులో పెంచికల్‌పేట మండలంలో పత్తి చేనులో ఉన్న ఒక ఆడపిల్లను పులి చంపింది. 2022 నవంబరులో వాంకిడి మండలంలో ఒక రైతు. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలం గన్నారంలో పత్తి ఏరుతున్న యువతి చనిపోయింది, మర్నాడు సిర్పూర్(టి) మండలంలో ఒక రైతు గాయపడ్డాడు.

అన్నీ నవంబరే. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. వానలు వెనకబట్టి, తల్లిని విడిచిన పిల్లలు కొత్త చోట్లు వెతుక్కునే రోజులవి, మగపులులు జత కోసం తిరిగే రోజులు కూడా. అదే సమయంలో పత్తి నడుముకు మించి ఎదిగి పులికి చాటునిస్తుంది. చేన్లలో కూలీలు పొద్దున్నుంచి వంగి పనిచేస్తుంటారు, వంగిన మనిషి పులికి మనిషిలా కనిపించడు. 2024 ఘటనల తర్వాత అటవీ సిబ్బంది తల వెనక పెట్టుకునే మనిషి ముఖం మాస్కులు పంచారు. పొద్దెక్కాక గుంపుగా వెళ్లి పొద్దుగూకకముందే తిరిగి రమ్మన్నారు. మంచిదే. కాని పత్తి కూలీకి పొద్దున్నే మొదలైతేనే రోజు కూలి గిట్టుతుంది. పని గంటలు కోల్పోయిన రోజుకు ఆ కూలి ఎవరిస్తారన్నది తేల్చకుండా జాగ్రత్తలు మాత్రమే చెప్పడం పులి ఖర్చును అతి పేద ఇంటి మీద వేయడమే.

దారి

చంద్రాపూర్, కాగజ్‌నగర్ అడవుల నుంచి పులులు కవ్వాల్ వైపు వచ్చే దారికి చట్టబద్ధమైన రక్షణ కోసం 2025 మే 30న ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. ఆదివాసీ సంఘాలు వ్యతిరేకించాయి, బంద్ జరిగింది, జూలై 21న ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. దీన్ని అభివృద్ధి నిరోధకుల విజయమనో పులి ఓటమి అనో రాసినవాళ్లున్నారు. రెండూ తొందరపాటు. ఆ అడవి పులికి అవసరం, ఇందులో నాకు సందేహం లేదు. ఫాల్గుణ సంతతి పశ్చిమానికి, కవ్వాల్ వైపు, రావాలంటే ఇదొక్కటే తోవ. కాని ఆ అడవిలో ఫాల్గుణ పిల్లల్ని పెంచింది ఏ జీవో లేని రోజుల్లో, చుట్టూ మనుషులు ఉండగానే. దాన్ని చూసీ ఊరుకున్న పశువుల కాపర్లు, చచ్చిన ఎద్దుకు పరిహారం కోసం ఎదురుచూస్తూ కళేబరంలో మందు కలపని రైతులు ఆ వంశాన్ని కాపాడినవాళ్లలో ముందువరుసలో ఉన్నారు. వాళ్లను గ్రామసభలో అడగకుండా గీసిన ఏ గీతా జోడేఘాట్ నేల మీద నిలవదు. పట్టా, పోడు హక్కులు తేల్చి, పశువుకు పరిహారం ఆ వారంలోనే చేతికందేలా చేసి, అప్పుడు అదే జీవోను తిరిగి ముందు పెడితే జవాబు వేరుగా ఉండవచ్చు.

ఇక ధర్మపురి వైపు. 2020 నుంచి గోదావరికి దక్షిణాన భూపాలపల్లి, ములుగు అడవుల్లోనూ పులి జాడలు నమోదయ్యాయి. పులికి ఈత బాగా వచ్చు, వేసవిలో గోదావరి చాలా చోట్ల ఇసుక మేటే. కాబట్టి జగిత్యాల ఒడ్డున పులి అడుగు పడితే ఆశ్చర్యపడనక్కర్లేదు, ఇటు దానికి నిలవడానికి అడవి లేదని కూడా గుర్తుంచుకోవాలి. చేయాల్సిన పని తేలికైనదే. కడెం వాగు గోదావరిలో కలిసే చోటు నుంచి రాయపట్నం దాకా, నీళ్లు తగ్గిన నెలల్లో, రెండు ఒడ్డుల రేవుల దగ్గర కెమెరాలు పెట్టాలి. దొరికిన ప్రతి పులి చారలనూ కదంబ, తడోబా, తిప్పేశ్వర్ ఫోటోలతో సరిపోల్చాలి. మగదో ఆడదో, ఎక్కడ పుట్టిందో, ఏ నెలలో దాటిందో రాసి పెట్టాలి. ఒక్క ఆడపులి జన్నారం వైపు రెండు చలికాలాలు వరసగా కనిపించిన రోజున కవ్వాల్ గురించి మరో వ్యాసం రాయవలసి వస్తుంది.