రేవు లేని దీవిలో మనవారి అడుగుజాడలు

మారిషస్ నుండి రియూనియన్ ద్వీపానికి విమానంలో ముప్పాతిక గంట ప్రయాణం. నడుమనున్న సముద్రం రెండు వందల కిలోమీటర్లకు లోపే. అయినా సింహాచలం, తిరుపతి చూచి వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు కాని, ఈ పొరుగు దీవిని చూచినవారు తక్కువ. చూచినవారు కూడ అగ్నిపర్వతం, కొండలోయలు చూచి తిరిగి వస్తారు. ఒప్పంద కూలీలుగా తెలుగువారు మొదట అడుగు పెట్టిన చెఱకు దీవి మన మారిషస్ కాదు, ఈ రియూనియన్. ఈ సంగతి మన ఇళ్ళలో ఎక్కువమందికి తెలియదు. ఉపాధ్యాయులము కొందరము కలిసి ఆ దీవికి వెళ్ళివచ్చాము. అక్కడ చూచినదానిని, దాని వెనుకనున్న చరిత్రను పాఠకుల ముందుంచుతున్నాము.

సముద్రం తీర్చిన దీవి

రియూనియన్ ఫ్రాన్సు దేశపు భూభాగం. పారిస్ నగరానికి తొమ్మిది వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నా, 1946 నుండి పరిపాలనలో అది ఫ్రాన్సులోని ఒక జిల్లా. వైశాల్యం సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు, అంటే మన దీవికంటె పెద్దది. నడిమధ్య పిటోన్ దే నేజ్ శిఖరం మూడు వేల మీటర్లు దాటి నిలిచి ఉంటుంది.

కాని ఆ దీవి చరిత్రను నడిపినది కొండ కాదు, సముద్రం. మన దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడవలె నిలిచి అలలను ఆపుతుంది. పోర్ట్ లూయీలో ఓడలు నిలువడానికి ప్రకృతి ఇచ్చిన రేవు ఉన్నది. రియూనియన్‌కు అటువంటి రేవు లేదు. పగడపు దిబ్బ పడమటి తీరంలో కొద్దిమేర మాత్రమే. మిగిలిన తీరంలో ఎక్కువ భాగం నల్లని గుండ్రాళ్ళు, నిట్టనిలువు కొండచరియలు. అలలు తిన్నగా వచ్చి వాటిని కొడతాయి.

ఈ కారణం చేతనే 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే పోర్ట్ లూయీని నౌకాకేంద్రంగా పెంచాడు. 1810లో ఇంగ్లీషువారు రెండు దీవులనూ పట్టుకొన్నారు. 1814లో పారిస్ సంధి కుదిరినప్పుడు రేవు ఉన్న మారిషస్‌ను తామే ఉంచుకొని, రేవు లేని దీవిని ఫ్రెంచివారికి తిరిగి ఇచ్చివేశారు. అప్పటికి చెఱకు తోటలలో మన కూలీలు ఇంకా లేరు. అయినా తరువాత వచ్చిన మనవారి కథ రెండు పాయలుగా చీలడానికి కారణం ఆ నాటి సంధే.

యానాం నుండి పదిహేనుగురు

గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గరలో ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండినది. చుట్టూ ఇంగ్లీషు ఏలుబడి, నడుమ చిన్న ఫ్రెంచి ఊరు. 1828లో ఆ యానాంలో చేర్చుకొన్న పదిహేనుగురు కూలీలు ‘తుర్క్వాజ్’ అనే ఓడలో రియూనియన్ చేరారు. అప్పుడు ఆ దీవి పేరు బూర్బోన్. ఫ్రెంచి కాగితాలలో వారిని ‘తెలింగా’ అని వ్రాశారు. మన పోర్ట్ లూయీలో 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడ 36 మందిని దింపడానికి ఆరేండ్లకు ముందటి మాట ఇది.

ఆ మొదటి రెండు మూడేండ్లలోనే కూలీల సంఖ్య సుమారు మూడు వేలకు చేరింది. కాని బూర్బోన్‌లో అప్పటికి బానిసత్వం రద్దు కాలేదు. కొరడాకు అలవాటు పడిన యజమాని చేతికి ఒప్పందం వ్రాసుకొని వచ్చిన మనిషిని అప్పగిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. జీతాలు సరిగా ఇవ్వలేదు, తిండి చాలలేదు. కూలీలు ఫిర్యాదు చేశారు. చాలామందిని తిరిగి పంపివేశారు. కొద్దికాలానికే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

1848 డిసెంబరు 20న సార్దా గారిగా ఆ దీవిలో బానిస విముక్తిని ప్రకటించాడు. అరవై వేలమందికి పైగా స్వేచ్ఛ పొందారు. తోటల యజమానులు మరల ఇండియా వైపు చూచారు. ఈసారి ఎక్కువ ఓడలు పుదుచ్చేరి, కారైకాల్ నుండి బయలుదేరాయి. యానాం వాటా తగ్గింది. 1861లో ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరి, ఇంగ్లీషు ఇండియాలో కూడ కూలీలను చేర్చుకొనే అనుమతి ఫ్రెంచివారికి లభించింది. ఒప్పందం గడువు అయిదేండ్లు. గడువు తీరినా పనివారిని వదలకపోవడం, కొట్టడం, జీతం కోయడం గురించి ఫిర్యాదులు పెరిగాయి. 1877లో రెండు ప్రభుత్వాల ప్రతినిధులు కలిసి విచారణ జరిపారు. చివరకు 1882లో ఇంగ్లీషు ప్రభుత్వం రియూనియన్‌కు కూలీలను పంపడం నిలిపివేసింది. అప్పటికి ఇండియా నుండి ఆ దీవికి వెళ్ళినవారు లక్షకు పైగానే.

గ్రాండ్ షాలూప్

రేవు లేని దీవిలో ఓడ దిగడమంటే ఎట్లుండేదో సాంద్నీ పట్టణంలోని బరాషువా వద్ద నిలబడితే తెలుస్తుంది. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషులు పడవలలోకి దిగి, అలల మీద ఊగుతూ, ఒడ్డునుండి సముద్రంలోకి కట్టిన వంతెన దగ్గరకు రావాలి. తుపాను గుర్తులు కనిపిస్తే ఒడ్డున ఫిరంగి పేల్చేవారు. ఓడలు వెంటనే నడిసముద్రంలోకి పారిపోవలసిందే, లేకుంటే రాళ్ళకు కొట్టుకొంటాయి. రాళ్ళు తొలిచి కట్టిన రేవు 1886లో గాని తెరువలేదు. అంటే కూలీల రాక ఆగిన నాలుగేండ్లకు! పంచదార మూటలకు రేవు దొరికింది కాని, ఆ చెఱకు పండించిన మనవారిలో ఒక్కరు కూడ ఆ రేవులో దిగలేదు.

సాంద్నీకి పడమట, సముద్రానికి ఆనుకొని నిలువుగా లేచిన కొండల మధ్య గ్రాండ్ షాలూప్ అనే చిన్న లోయ ఉన్నది. 1859లో ఆఫ్రికా తీరం నుండి కూలీలను తెచ్చిన ఒక ఓడ ద్వారా దీవిలోకి కలరా వచ్చి రెండు వేలమందికి పైగా చనిపోయారు. దాని తరువాత ఈ లోయలో లజారెట్లు కట్టించారు. లజారెట్ అంటే ఓడ దిగినవారిని రోగ భయం తీరేవరకు వేరుగా ఉంచే తావు. ఒకటి సముద్రం దగ్గర, రెండవది లోయ లోపల. మేము మొదటి దానిని చూచాము. దానిని బాగుచేసి ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంచారు. దట్టమైన రాతి గోడలు, పొడవైన పడక గదులు, ముందు వెడల్పైన ఆవరణ. వారాల తరబడి ఓడలో మ్రగ్గి వచ్చినవారు ఇక్కడ మరల రోజులు లెక్కపెట్టుకొంటూ కూర్చున్నారు. తోటకు చేరకుండానే కన్నుమూసినవారూ ఉన్నారు.

ఆ లోయ ఎదుటనే సముద్రం మీద 5.4 కిలోమీటర్ల పొడవైన వంతెన 2022లో తెరిచారు. కొండచరియలు విరిగి పడుతున్నందున రహదారిని సముద్రం మీదికి జరిపినారు. రోజూ వేల కార్లు లజారెట్ ముందునుండి పోతున్నాయి. మన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. ఆ పదహారు మెట్ల పేరు లోకమంతా విన్నది. గ్రాండ్ షాలూప్ పేరు మనలోనే ఎందరు విన్నారు?

‘మలబార్’ అనే ఒక్క పేరు

ఫ్రెంచివారికి దక్షిణ ఇండియా నుండి వచ్చినవారంతా ‘మలబార్’లే. తమిళుడైనా, తెలుగువాడైనా ఒకటే పేరు. నేటికీ రియూనియన్‌లో వారి సంతతికి అదే పేరు. వారు దానిని గౌరవంగానే చెప్పుకొంటారు. సాంతాంద్రే, సాంపోల్, సాంప్యేర్ ఊళ్ళలో వారు కట్టుకొన్న గుళ్ళు ఉన్నవి. ద్రౌపదమ్మను ‘పాండ్యాలే’ అని కొలిచి నిప్పులు త్రొక్కుతారు. ఆదివారం చర్చికి వెళ్ళేవారే దీక్ష పట్టి నిప్పులలో నడవడం కూడ అక్కడ వింత కాదు. మునగాకును వారూ మనవలె ‘బ్రెద్ మురుమ్’ అంటారు. అది తమిళ పేరు. బజారులో మనమూ అదే అంటాము. కాని మన ఇళ్ళలో ‘మునగాకు’ అనే మాట ఇంకా ఉన్నది, అక్కడ లేదు.

ఒక గుడి వద్ద డెబ్బై దాటిన పెద్దాయన మాతో క్రియోల్‌లో మాట్లాడారు. “మీ పెద్దలు ఏ ఊరివారు, తాతగారూ?” అని అడిగితే, ఇంటినుండి ఒక పాత కాగితం నకలు తెప్పించి చూపారు. అందులో నెంబరు, పేరు, పుట్టిన చోటు ఉన్నవి. ఫ్రెంచి అక్షరాలలో వ్రాసిన ఆ చోటు యానాం! అక్కడ మాట్లాడేది తెలుగు అని మేము చెప్పగా ఆయన కొంతసేపు ఊరకున్నారు. “మాకు ఎవ్వరూ చెప్పలేదు బాబూ. మేము మలబార్లము” అన్నారు.

ఇందులో తమిళ సోదరుల తప్పు ఏమీ లేదు. గుళ్ళు, పాటలు, నాటకాలు నిలబెట్టినది వారే. తక్కువ సంఖ్యలో ఉన్న తెలుగువారు వారిలో కలిసిపోయారు. ఫ్రెంచి పాలన దానిని పూర్తి చేసింది. బడిలో ఫ్రెంచి తప్ప మరొక భాష లేదు. 1889 పౌరసత్వ చట్టం తరువాత అక్కడ పుట్టిన పిల్లలు ఫ్రెంచి పౌరులయ్యారు. ఫ్రెంచి జనాభా లెక్కలలో జాతి, మతం అడగరు. పౌరుడికి అది సమానత్వం, చిన్న భాషకు మాత్రం అది మరపు. లెక్కలో లేనివారికి తాము ఎందరో తామే తెలియదు.

మనకు మిగిలినది ఎట్లు మిగిలింది?

మన రక్తం వేరు కాదు. అదే గోదావరి తీరం, అదే విశాఖ, గంజాం పల్లెలు. ఇంగ్లీషువారు మనమీద ప్రేమతో భాషను కాపాడినారనీ కాదు. వారు పట్టించుకోకుండా వదిలివేశారు. ఆ వదిలిన చోట మన పెద్దలు పందిళ్ళు వేసి రామభజనలు చేశారు, సింహాద్రి అప్పన్న పూజ నిలుపుకొన్నారు, రాత్రివేళ లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దించారు. 1947లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. తరువాత ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు వచ్చింది. మోకాలో 1970లో మహాత్మా గాంధీ సంస్థ వెలిసింది. ఉగాదికి దేశమంతటా సెలవు ఉన్నది. ఇవన్నీ ఎవరో కష్టపడి చేసిన పనులే గాని, వాటంతట అవి జరిగినవి కావు.

అందుచేత రియూనియన్‌ను చూచి జాలిపడి ఊరుకొంటే చాలదు. నేడు మన వంటింట్లో కూడ మాట్లాడేది క్రియోలే. మేము సైతం సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకొన్నవారమే, అమ్మ ఒడిలో కాదు. తరగతి మూతపడితే మన మనుమలు కూడ ఆ పెద్దాయనవలె ఒక నెంబరు, ఒక ఊరి పేరు పట్టుకొని నిలబడతారు.

చేయవలసిన పని చిన్నదే. మోకాలోని సంస్థలో వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నవి. మీ పూర్వీకుని నెంబరు, ఓడ, ఊరు, తండ్రి పేరు తెలిసికొని తెలుగులో ఒక పుట వ్రాసి ఇంట్లో దాచండి. ఇంట్లో పెద్దలు ఉండగానే అడగండి. రియూనియన్‌కు వెళ్ళేవారు గ్రాండ్ షాలూప్ తప్పక చూడండి. అక్కడివారెవరైనా తమ కాగితంలో యానాం పేరు చూపితే, ఆ ఊరి భాష ఏమిటో వారికి చెప్పి రండి.