పీయూషగ్రంథి పెనుగడ్డలు: కత్తి నుండి మాత్ర వరకు

నల్లమల నడుమ, భవనాశిని యొడ్డున వెలసిన అహోబిలమునకు వచ్చి, నవనారసింహులకు మ్రొక్కి ముడుపులు చెల్లించుకొను వ్యాధిపీడితులలో, తీరని తలనొప్పియు మందగించిన చూపును గలవారు ఏ కాలమందైనను ఉండియే యుందురు. అట్టి బాధలలో కొన్నింటికి మూలము, మెదడు క్రింద బఠాణీగింజంత యుండు పీయూషగ్రంథియందు మొలచిన గడ్డ యని వైద్యలోకము గ్రహించుటకు 19వ శతాబ్దము ముగింపునకు రావలసి వచ్చినది.

1886లో పారిస్ వైద్యుడు పియర్ మారీ, చేతులును పాదములును దవడయును మితిమీరి పెరిగిన రోగులను వర్ణించి, ఆ వ్యాధికి ఆక్రోమెగలీ యని పేరిడెను. ఆళ్లగడ్డ శిల్పులు తాళమానముతో కొలిచి మూర్తికి నిలుపు ప్రమాణము, బ్రదికియున్న మనుష్యుని యొడలియందే తప్పిపోవుట యెంత దారుణమో, నిన్నటి చెప్పు కాలికి చాలక, పెండ్లినాటి యుంగరము వ్రేలికి దూరక విలపించు రోగిని చూచినవారే యెరుగుదురు.

1907లో ఇన్స్‌బ్రుక్ నగరమున హెర్మన్ ష్లోఫర్ ముక్కు మార్గమున పీయూషగ్రంథిని చేరి గడ్డను తీసెను. అమెరికాలో హార్వే కుషింగ్ ఆ పద్ధతినే యభివృద్ధి చేసి, తుదకు కపాలము తెరచు మార్గమునకే మరలెను. ఎడింబరోలో నార్మన్ డాట్ విడువక కాపాడిన ఆ ముక్కుదారి, పారిస్‌లో శస్త్రవైద్యుడు గియో చేతికి, ఆయన నుండి మాంట్రియల్‌లో సూక్ష్మదర్శిని సాయముతో శస్త్రము నడిపిన జూల్ హార్డీ చేతికి వచ్చెను. అయినను, నాలుగు సెంటీమీటర్లు మించి పెరిగి, రక్తనాళములను చుట్టుకొని, నేత్రనాడులను పైకి నెట్టు పెనుగడ్డ యెదుట ఎంతటి చేయి తిరిగిన శస్త్రవైద్యుడును దానిని సమూలముగా తీయలేకుండెను.

ఈ నల్లమల ప్రాంతమున కీ శస్త్రవిద్య దక్షిణము నుండి వచ్చినది. 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు జేకబ్ చాండీయు, 1950లో మద్రాసు జనరల్ ఆస్పత్రియందు బి. రామమూర్తియు మెదడు శస్త్రచికిత్సా విభాగములను నెలకొల్పిరి.

అసలు మలుపు కత్తివలన గాక రసాయనమువలన వచ్చినది. 1970 ప్రాంతమున హెన్రీ ఫ్రీసెన్ ప్రభృతులు పాలు పుట్టించు హార్మోనైన మానవ ప్రొలాక్టిన్‌ను వేరుపరచి కొలువగలిగిన పిమ్మట, ఏ హార్మోనును స్రవింపవని యంతవరకు తలచిన గడ్డలలో అనేకము ప్రొలాక్టిన్‌నే స్రవించుచున్నవని తేలినది. మన సజ్జకంకులకు పట్టు బంకకారు తెగులునకు జ్ఞాతియైన యెర్గాట్ బూజు నుండి సాండోజ్ సంస్థవారు రూపొందించిన బ్రోమోక్రిప్టిన్ మాత్ర, ఈ జాతి పెనుగడ్డలను వారములలోనే కుదించి, పోయిన చూపును పెక్కుమందికి మరల నిచ్చెను! తదుపరి వచ్చిన కాబర్‌గోలిన్ వారమునకు రెండుసార్లు మ్రింగిన చాలును. ఆక్రోమెగలీకి మూలమైన వృద్ధి హార్మోను గడ్డలు మాత్ర మింత సులభముగా లొంగవు. వానికి శస్త్రము, ఆక్ట్రియోటైడ్ జాతి సూదిమందులు, కిరణచికిత్స కలిసి నడువవలెను.

ఇచట నొక చిక్కు విశేషించి చెప్పదగినది. పెనుగడ్డ విడుచు ప్రొలాక్టిన్ అపారమైనపుడు, రక్తపరీక్షలో దానిని పట్టు ప్రతిదేహము లన్నియు నిండిపోయి, లెక్క తప్పి, స్వల్పసంఖ్య కనబడును. రక్తపు నీరును నూరింతలు పలుచన చేసి మరల చూచిన వేలసంఖ్య బయటపడును. ఈ యొక్క జాగ్రత్త లేక, మాత్రతో కరగవలసిన గడ్డకై కపాలము తెరచుట జరుగరాదు. కరగునపుడు సైతము, గడ్డ తినివేసిన యెముక సందునుండి మెదడునీరు ముక్కువెంట కారవచ్చును గనుక వైద్యుడు కనిపెట్టి యుండవలెను.

ఈ ప్రొలాక్టిన్ పెనుగడ్డలు పురుషులలోనే యధికము. కారణములలో నొకటి, దాంపత్యశక్తి సన్నగిల్లుటను వారు సిగ్గుచే దాచుకొనుట. ఎగువ అహోబిలము మెట్లెక్కునపుడు ఎదుటి మెట్టు కనబడియు ప్రక్కనున్న మనుష్యుడు కనబడని వారును, బాలింత గాకయే పాలుపడి ముట్టు నిలిచిన స్త్రీలును, మ్రొక్కులతోపాటు ప్రొలాక్టిన్ రక్తపరీక్షయు చేయించుకొందురు గాక. దానికై నేడు వేలూరు దాక పోనక్కరలేదు.